మాట వినని బాబు: నిద్రలో చెదిరిన లయ, మెలకువలో జారిపోయిన భాష

తెలుగులో ‘మాట వినడు’ అంటే చెప్పినట్టు చేయడని అర్థం. 5 ఏళ్ల 4 నెలల ఒక బాబును భాషా చికిత్స కోసం నా దగ్గరికి తీసుకొచ్చినప్పుడు తల్లీ, తండ్రీ, బడిలో ఉపాధ్యాయురాలూ విడివిడిగా చెప్పిన ఫిర్యాదు అక్షరాలా అదే. ముగ్గురూ దానిని మొండితనం అనే అర్థంలోనే వాడారు. బాబు మాటను నిజంగానే వినలేకపోతున్నాడని, అంటే శబ్దం చెవిని చేరుతున్నా అది మాటగా మారడం లేదని తేలడానికి మరో రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో కొంత కాలం నా వల్ల కూడా వృథా అయింది. ఆ సంగతి దాచకుండా రాస్తున్నాను. కుటుంబం అనుమతితోనే ఈ కేసును రాస్తున్నాను. బాబును గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను మార్చాను.

పూర్వ చరిత్ర

పుట్టుకలో గాని, నడక నేర్చిన వయసులో గాని చెప్పుకోదగిన తేడా ఏదీ లేదు. ఏడాది నిండేసరికి మొదటి మాటలు, రెండేళ్లకు రెండు మూడు మాటల వాక్యాలు వచ్చాయి. నాలుగేళ్ల వయసులో చూసిన సంగతిని మొదలూ చివరా కలిపి కథలా చెప్పేవాడు. ఆనాటి వీడియోలు కుటుంబం దగ్గర ఉండటం నాకు చాలా ఉపయోగపడింది. వచ్చిన భాష పోవడం వేరు, అసలు రాకపోవడం వేరు. ఈ రెండింటినీ తల్లిదండ్రుల జ్ఞాపకం మీద మాత్రమే ఆధారపడి విడదీయడం కష్టం. నాలుగేళ్ల ఆరు నెలలప్పుడు తీసిన ఒక వీడియోలో బాబు ‘ఎందుకంటే’ అనే మాటతో రెండు వాక్యాలను ముడివేశాడు. నన్ను కలిసిన రోజున అతనికి తన పేరు కూడా అర్థం కాలేదు.

మార్పు సుమారు ఐదు నెలల ముందు మొదలైంది. మొదట పిలిస్తే పలకడం తగ్గింది. టీవీ ముందు కూర్చున్నా శబ్దం పెంచమని అడగలేదు. బొమ్మలు కదులుతుంటే చాలన్నట్టు ఉండేవాడు. వినికిడి తగ్గిన పిల్లలు చాలామంది శబ్దం పెంచుకుంటారు, లేదా తెర దగ్గరికి జరుగుతారు. అతను రెండూ చేయలేదు. ఇది చిన్న విషయమే గాని, ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే మొదటి ఆధారం అదేననిపిస్తుంది.

ఆ తరువాతి నెలలో, నిద్రపట్టిన గంట లోపల రెండుసార్లు మూతి ఒక పక్కకు లాగేసి, చొంగ కారి, గొంతులో గురగుర శబ్దం వచ్చింది. మొదటిసారి తల్లి పీడకల అనుకున్నారు. రెండోసారి ఫిట్స్ అని గుర్తించి ఒక క్లినిక్‌లో చూపిస్తే కార్బమజెపైన్ అనే ఫిట్స్ మందు మొదలుపెట్టారు. ఫిట్స్ మళ్ళీ రాలేదు. మాట మాత్రం ఇంకా వేగంగా పోయింది. మరో చోట అరగంట సేపు మెలకువలో ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల నమోదు) తీసి, ఎడమ కణత వైపు అక్కడక్కడ స్పైకులు (పదునైన అసాధారణ అలలు) ఉన్నాయని, ఆందోళన అక్కర్లేదని చెప్పారు. ఇంకొక చోట ఆటిజం అన్నారు. ఆ మాట ఎందుకన్నారో ఊహించవచ్చు: పిలిస్తే చూడటం లేదు, మాట తగ్గింది, చికాకు పెరిగింది. అయితే బాబు కళ్లలోకి చూసేవాడు, కావలసిన దాని దగ్గరికి పెద్దవాళ్లను తీసుకెళ్లి వేలితో చూపించి వాళ్ల ముఖం వంక చూసేవాడు, బొమ్మ కారుకు ‘పెట్రోలు’ పోసే ఆట ఆడేవాడు. నాలుగున్నరేళ్ల దాకా నిండుగా ఉన్న భాష ఆ తరువాత పోవడం కూడా ఆటిజంలో సాధారణంగా కనిపించే వరస కాదు.

నేను చూసినది

వినికిడి పరీక్ష అప్పటికే జరిగినా, మళ్ళీ చేయించాను. ఆదేశాలు అర్థం కాని పిల్లవాడికి మాటలతో పరీక్ష వివరించలేము గనుక, శబ్దం వచ్చినప్పుడల్లా గోళీ డబ్బాలో వేయాలని చేసి చూపించాము. రెండు చెవుల్లోనూ 500 నుంచి 4000 హెర్ట్జ్ దాకా 20 డెసిబెల్స్ లోపలే స్పందించాడు. మధ్య చెవి, లోపలి చెవి పరీక్షలు మామూలుగా ఉన్నాయి. చెవి నుంచి మెదడు కాండం దాకా సంకేతం సరిగా వెళ్తున్నట్టు బెరా పరీక్ష కూడా చూపింది. శబ్దం చేరుతోందన్న మాట.

అదే బాబు వెనక నిలబడి ‘బంతి ఇవ్వు’ అంటే కదల్లేదు. ఎదురుగా చేయి చాపి అవే మాటలు అంటే ఇచ్చాడు. రెండు పరిస్థితుల్లోనూ అవే మాటలు, అదే గట్టిదనం. ఆకారాల కూర్పు, బొమ్మల జతలు, తర్కంతో కూడిన పజిళ్లు వయసుకు తగ్గట్టే చేశాడు. ‘తల’, ‘వల’, ‘అల’ బొమ్మలు పెట్టి ఒక్కొక్కటి చెబితే ఊహించి చూపించాడు తప్ప గుర్తుపట్టలేదు. మాటలే కాదు, కుక్క అరుపు, తలుపు గంట, నీళ్ల చప్పుడు వంటి 10 శబ్దాలకు బొమ్మలు జత చేయమంటే నాలుగే సరిపోయాయి. సొంత మాట కూడా తగ్గి, స్వరంలో ఎత్తుపల్లాలు పోయి, ధ్వనులు తారుమారయ్యాయి. తాను పలికినది తనకే సరిగా వినిపించకపోతే ఉచ్చారణ నిలవడం కష్టం గనుక, దీనిని నేను వేరే సమస్యగా లెక్కించలేదు.

ఇంత స్పష్టంగా కనిపిస్తున్నా నేను వెంటనే నిద్రలో ఈఈజీ అడగలేదు. ‘ఈఈజీ అయింది, ఆందోళన అక్కర్లేదన్నారు’ అనే మాటను నమ్మి, శ్రవణ శిక్షణ మొదలుపెట్టి, మూడు వారాల్లో ఆరు సెషన్లు గడిపాను. సోమవారం చెప్పినది బుధవారానికి ఉండేది కాదు. నేర్చుకోవడంలో ఆలస్యమైతే కొంతైనా మిగలాలి. ఇక్కడ ప్రతి ఉదయం పలక తుడిచినట్టు ఉండేది. ఆరో సెషన్ తరువాత పాత రిపోర్టును మళ్ళీ చదివితే, ‘నిద్ర నమోదు కాలేదు’ అనే వాక్యం చివరి వరుసలో ఉంది.

నిద్రలో ఈఈజీ

పిల్లల న్యూరాలజిస్టు రాత్రంతా ఈఈజీ తీయించారు. మెలకువలో తల వెనక భాగంలో సెకనుకు 8, 9 అలల ఆల్ఫా లయ వయసుకు తగినట్టే ఉంది. ఎడమ కణత వెనక భాగంలో అప్పుడప్పుడు స్పైకులు కనిపించాయి. బాబు నిద్రలోకి జారిన కొద్ది నిమిషాల్లో చిత్రం మొత్తం మారిపోయింది. సూదిమొన లాంటి స్పైకు, దాని వెంట నెమ్మదైన అల, మళ్ళీ స్పైకు, మళ్ళీ అల. ఈ జంట సెకనుకు సుమారు రెండుసార్లు వస్తూ, రెండు పక్కలకూ పాకి, గాఢ నిద్రలో 88 శాతం కాలాన్ని ఆక్రమించింది. కలల నిద్ర దశలో బాగా తగ్గింది. ఉదయం లేవగానే దాదాపు మాయమైంది. శరీరంలో ఒక్క కుదుపు కూడా లేదు. పక్కనే పడుకున్న తల్లికి బాబు హాయిగా నిద్రపోయినట్టే కనిపించింది.

ఫిట్స్‌తో పాటు భాషను పోగొట్టుకునే పిల్లలను 1957లో విలియం లాండౌ, ఫ్రాంక్ క్లెఫ్నర్ మొదట వర్ణించారు. ఆ సిండ్రోమ్‌కు వాళ్ల పేర్లే ఉన్నాయి: లాండౌ-క్లెఫ్నర్ సిండ్రోమ్. ఈ బాబుది అదే. నిద్రలో ఆగకుండా సాగే ఈ విద్యుత్ తుఫానును 1971లో పాట్రీ, ల్యగూబీ, టసినారి వివరించారు. గాఢ నిద్రలో 85 శాతం దాటాలన్నది పాత గీటురాయి. ఇప్పుడు చాలామంది 50 శాతాన్ని కూడా తీవ్రంగానే పరిగణిస్తారు. అంకె మీద వాదన కంటే, ఆ తుఫాను వచ్చాక పిల్లవాడు దేనిని పోగొట్టుకున్నాడన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. మెదడు ఎమ్మారై మామూలుగా ఉంది. ఇలాంటి పిల్లల్లో కొందరికి గ్రిన్2ఏ అనే జన్యువులో మార్పులు ఉంటాయని 2013లో తెలిసింది. ఈ బాబులో అవి కనిపించలేదు.

లయకూ అర్థానికీ సంబంధం

తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: ‘రాత్రి వచ్చేదానికి పగలు మాట అర్థం కాకపోవడమేమిటండీ?’ దీనికి జవాబు రెండు అంచెల్లో చెప్పవలసి వచ్చింది.

మొదటి అంచె పగటి లయ. మనం మాట్లాడేటప్పుడు గొంతు గట్టిదనం అక్షరం అక్షరానికీ పెరిగి తగ్గుతుంది. భాష ఏదైనా ఈ పెరుగుదల తరుగుదల సెకనుకు నాలుగైదు సార్లు జరుగుతుంది. వింటున్న మెదడులో, శబ్దాలను గ్రహించే పైపొర భాగమైన శ్రవణ కార్టెక్స్‌లోని థీటా లయ, అంటే సెకనుకు 4 నుంచి 8 సార్ల లయ, దీనితో కాలు కలుపుతుంది. ఆ కలయిక వల్ల ఎడతెగని శబ్ద ప్రవాహం అక్షరాల పరిమాణంలో ముక్కలవుతుందన్నది చాలామంది పరిశోధకుల వాదన. 2016లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో సెకనుకు 4 అక్షరాల చొప్పున, రెండేసి అక్షరాలకు ఒక పదబంధం, నాలుగేసి అక్షరాలకు ఒక వాక్యం వచ్చేలా చైనా భాషలో వినిపించారు. శబ్దంలో పదబంధాల మధ్య గాని వాక్యాల మధ్య గాని విరామం ఏదీ లేదు. చైనా భాష తెలిసినవాళ్ల మెదడులో 4 హెర్ట్జ్ (సెకనుకు 4 సార్ల) లయతో పాటు 2 హెర్ట్జ్, 1 హెర్ట్జ్ లయలు కూడా కనిపించాయి. ఆ భాష రాని, ఇంగ్లీషు మాతృభాషగా గలవాళ్లలో 4 హెర్ట్జ్ మాత్రమే కనిపించింది. అక్షరాల లయను ఎవరి చెవైనా అందుకుంటుంది. పదబంధం, వాక్యం అనే లయలను అర్థం తెలిసిన మెదడే లోపల కట్టుకుంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. లయ కలవడమే అర్థానికి కారణమా, లేక అర్థమయ్యే ప్రక్రియ వదిలిన జాడ మాత్రమేనా అన్నది ఇంకా తేలని వాదన. ‘మెదడు తరంగాలను సరిచేసి భాష తెప్పిస్తాం’ అనే ప్రకటనలు ఈ కుటుంబాన్ని కూడా చేరాయి; వాటికి డబ్బు పెట్టవద్దని నేను చెప్పాను. క్లినిక్‌లో తీసే మామూలు ఈఈజీతో ఒక పిల్లవాడి అక్షరాల లయను కొలిచి చికిత్స నిర్ణయించే స్థితిలో మనం లేము.

రెండో అంచె రాత్రి లయ. దాని సంగతి కొంత బాగా తెలుసు. గాఢ నిద్రలో మెదడులో పెద్ద, నెమ్మదైన అలలు లేస్తాయి. పగలంతా నేర్చుకునేటప్పుడు నరాల మధ్య బంధాలు బలపడుతూ పోతాయి. అన్నీ అలాగే బలంగా ఉంటే మర్నాడు కొత్తదానికి చోటుండదు. నిద్రలోని అలలు వాటిని సరిపాళ్లకు తగ్గిస్తూ, అవసరమైనవి నిలిచేలా చేస్తాయని ఒక ప్రబల సిద్ధాంతం. మామూలు నిద్రలో ఆ అలల నిటారుతనం రాత్రి గడిచేకొద్దీ తగ్గుతుంది. నిద్రలో ఈ తుఫాను ఉన్న పిల్లల్లో ఆ తగ్గుదల సరిగా జరగడం లేదని 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. తుఫాను కేంద్రం శ్రవణ కార్టెక్స్ పక్కనే ఉన్నప్పుడు, ఏ ప్రాంతం పగలు శబ్దాలను అక్షరాలుగా విడగొట్టాలో, సరిగ్గా ఆ ప్రాంతానికే రాత్రి పని జరగదు. ఈ బాబుకు సోమవారం పాఠం బుధవారానికి మిగలకపోవడాన్ని నేను ఇలాగే అర్థం చేసుకున్నాను. ఫిట్స్ ఆగిపోవడం అసలు లెక్కలోకి రాకపోవడానికి కారణం కూడా ఇదే: కుటుంబం ఫిట్స్‌ను లెక్కపెడుతోంది, నష్టం మాత్రం ఫిట్స్ లేని రాత్రుల్లో జరుగుతోంది.

చికిత్స

మందుల నిర్ణయం న్యూరాలజిస్టుది. మోతాదులు ఇక్కడ రాయను. కార్బమజెపైన్ కొందరు పిల్లల్లో నిద్రలోని స్పైకులను పెంచగలదని తెలిసినదే కనుక, ముందుగా దానిని క్రమంగా తగ్గించి ఆపారు. ఆపై స్టెరాయిడ్ చికిత్స, రాత్రిపూట బెంజోడయాజెపైన్ అనే, మెదడు ఉద్రేకాన్ని తగ్గించే వర్గంలోని ఒక మందు. స్టెరాయిడ్‌తో బాబు బరువు పెరిగాడు, కోపం పెరిగింది, రక్తపోటు రెండు వారాలకోసారి చూడవలసి వచ్చింది. మాట రాక ముందే ముఖం ఉబ్బడం చూసి తల్లిదండ్రులు మందు ఆపేద్దామనుకున్న వారం ఒకటి ఉంది. ఎనిమిది వారాలకు తీసిన నిద్ర ఈఈజీలో తుఫాను 88 నుంచి 30 శాతానికి తగ్గింది.

భాష ఆ వెంటనే రాలేదు. ఈ సంగతి ముందే గట్టిగా చెప్పి ఉండవలసింది. ఈఈజీ బాగుపడిన కాగితం చేతికొచ్చిన రోజున తండ్రి బాబు చెవిలో పేరు పెట్టి పిలిచి, స్పందన లేక కుంగిపోయారు. తుఫాను తగ్గడం వల్ల నేర్చుకునే వీలు మళ్ళీ ఏర్పడుతుంది. పోయిన భాష దానంతట అది తిరిగి రాదు.

నా వైపు పనిలో మొదట చేసిన మార్పు, చెవిని కాసేపు పక్కన పెట్టడం. బాబుకు చూపు ద్వారా వచ్చే భాషకు అడ్డేమీ లేదు. బడిలో తన పేరు రాసి ఉన్న పుస్తకాన్ని పదిమంది పుస్తకాల్లోంచి తీసుకొచ్చేవాడు. అందుకని బొమ్మల కార్డులు, చేతి సంజ్ఞలు, రాసిన మాటలు మొదలుపెట్టాము. తల్లి భయం సహజమైనదే: ‘సంజ్ఞలు అలవాటైతే ఇక మాట మానేస్తాడేమో మేడమ్?’ అన్నారు. మాట వచ్చే దారి మూసి ఉన్నప్పుడు పిల్లవాడిని భాష లేకుండా ఉంచడమే అసలు నష్టమని, సంజ్ఞలు మాటకు అడ్డుపడవని, లాండౌ-క్లెఫ్నర్ పిల్లల్లో కూడా అదే తేలిందని చెప్పాను. ఆమె నమ్మింది నా మాట వల్ల కాదు. నాలుగో వారంలో బాబు ‘అమ్మ’, ‘బయట’, ‘ఎప్పుడు’ అనే మూడు కార్డులు వరసగా పెట్టి ఆమె ముఖం వంక చూశాడు. ఐదు నెలల తరువాత అతను అడిగిన మొదటి ప్రశ్న అది. చికాకు, విసరడం, కొట్టడం ఆ వారం నుంచే తగ్గాయి.

వినికిడి తిరిగి వచ్చిన వరస నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది. మొదట వచ్చినవి మాటలు కావు, చప్పుళ్లు: 11వ వారంలో తలుపు గంటకు తల తిప్పాడు. తరువాత తన పేరు. ఆ తరువాత మాటల పొడవు: ‘తల’ బొమ్మనూ ‘తలగడ’ బొమ్మనూ పెట్టి చెబితే, హల్లుల తేడా పట్టుకోలేని రోజుల్లోనే పొడవు తేడాతో సరిగా ఎంచుకున్నాడు. అంటే ఎన్ని అక్షరాలున్నాయన్నది ముందు వచ్చింది, ఏ అక్షరమన్నది తరువాత వచ్చింది. అందుకని కొన్ని వారాల పాటు అక్షరానికో చరుపు చొప్పున బల్ల మీద తట్టుతూ, గురువుకు కొంచెం ఆపి, లఘువుకు వెంటనే వదిలి మాటలు చెప్పాము. ఛందస్సు నేర్చుకున్నవారికి ఇది కొత్త కాదు. ఇది అతని మెదడు లయను సరిచేసిందని నేను అనను. శబ్దంలో ఎక్కడ పట్టుకోవాలో చేతికీ కంటికీ తెలియజేసింది, అంతవరకే చెప్పగలను. ‘తల’, ‘వల’ తేడా ఆరో నెలలో గాని రాలేదు.

బడికి ఒక ఉత్తరం రాశాను. ముఖం కనిపించేలా మాట్లాడాలి, ఒక్కసారికి ఒక్క వాక్యమే చెప్పాలి, చెప్పిన ప్రతి ఆదేశం బోర్డు మీద బొమ్మగానో రాతగానో ఉండాలి, పలకకపోతే శిక్షించకూడదు. ఉపాధ్యాయురాలు మొదటి మూడు వెంటనే పాటించారు. నాలుగోదానికి ఒకసారి వెళ్లి మాట్లాడవలసి వచ్చింది.

తిరగబెట్టడం

ఏడో నెలలో స్టెరాయిడ్ తగ్గిస్తుండగా తల్లి ఫోన్ చేశారు. ఈఈజీ గురించో ఫిట్స్ గురించో కాదు. ‘రెండు రోజులుగా నా పెదవుల వంక ఎక్కువ చూస్తున్నాడు’ అన్నారు. బాబు తెలియకుండానే చెవిని వదిలి కంటి వైపు జరుగుతున్నాడు. ఆ వారంలోనే తీసిన నిద్ర ఈఈజీలో తుఫాను మళ్ళీ 65 శాతానికి చేరింది. మందు వెంటనే పెంచారు. ఈసారి భాష పెద్దగా పోకముందే ఆగింది. ఏ పరీక్ష కంటే ముందు ఆ తల్లి కన్ను పట్టుకున్న ఈ గుర్తును అప్పటి నుంచి ప్రతి కుటుంబానికీ చెబుతున్నాను.

ప్రస్తుత స్థితి

మొదటి కలయిక నుంచి 22 నెలలు గడిచాయి. బాబుకు ఇప్పుడు ఏడేళ్లు దాటాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురెదురుగా కూర్చుంటే సంభాషణ సాఫీగా సాగుతుంది. అవగాహన వయసు కంటే సుమారు ఏడాది వెనక ఉంది. గోల ఉన్న చోట అర్థం చేసుకోవడం బాగా పడిపోతుంది. ఆరు మాటల వాక్యాన్ని విని తిరిగి చెప్పమంటే చివరి మాటలే మిగులుతాయి. విన్న మాటను కొద్దిసేపు మనసులో నిలుపుకోవడంలో ఈ లోపం, తుఫాను పూర్తిగా చల్లారిన తరువాత కూడా చాలామందిలో ఏళ్ల తరబడి ఉండేదే. రెండు చెవులకు ఒకేసారి వేర్వేరు మాటలు వినిపిస్తే కుడి చెవి మాటను దాదాపు పూర్తిగా వదిలేస్తాడు. కుడి చెవి మాట ఎక్కువగా ఎడమ మెదడుకే చేరుతుంది గనుక, ఎడమ కణత వైపు మొదలైన తుఫాను వదిలిన గుర్తు అది. చదవడం మాత్రం తోటివారితో సమానంగా ఉంది. రాసిన మాట మీద ముందుగా ఆధారపడటం వల్ల కావచ్చు.

పోయిన నెల తల్లి నవ్వుతూ, ‘ఇప్పుడు మాట వినడం లేదండీ. వినిపించినా చేయడు’ అన్నారు. సందేహంతో వెనక నిలబడి నేనే పరీక్షించాను. బంతి ఇవ్వమంటే, వెనక్కి తిరగకుండానే ‘నాకు కావాలి’ అన్నాడు. స్టెరాయిడ్ పూర్తిగా ఆపి ఇప్పటికి 5 నెలలు. తదుపరి నిద్ర ఈఈజీ మరో 6 వారాల్లో ఉంది.